పాత ఇంట్లో షోరూమ్ పెడితే ముందు ఇల్లు కనపడాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

పాత కాలం నాటి పెద్ద ఇళ్ళని రిపేర్ చేసి ఇంటీరియర్ డిజైన్ షోరూమ్‌లుగా మార్చడం గురించి మీ ఉత్తరాల పేజీలో కొన్నాళ్ళుగా నడుస్తున్న వాదన చదువుతున్నాను. ఒకరేమో చరిత్రని అడ్డం పెట్టుకుని సోఫాలు అమ్ముకుంటున్నారని బాధపడ్డారు, ఇంకొకరు కూల్చేసి అపార్ట్‌మెంట్ లేపేదానికన్నా ఇది నయం కదా అన్నారు. ఇద్దరి మాటా కాదనలేం, కానీ ఆ ఇంటి లోపల ఏం జరుగుతుందో ఇద్దరూ రాయలేదు, అందుకే ఈ ఉత్తరం. నేను ఇంటీరియర్ డిజైన్ పనిలోనే ఉన్నాను, పాత ఇళ్ళ పనులు కూడా చేస్తాను, కాబట్టి ఈ విషయంలో నేను పూర్తిగా బయటి మనిషిని కాను, అది ముందే చెప్పేస్తున్నా. నేను చెప్పదల్చుకుంది ఏంటంటే, పాత ఇంటికి షోరూమ్ అనేది చాలా మంచి వాడకం, కాకపోతే అక్కడ సరుకు ఇంటికి సర్దుకోవాలి గానీ ఇల్లు సరుక్కి సర్దుకోకూడదు.

మంచి వాడకం అని ఎందుకంటున్నానంటే, మిగతావాటితో పోల్చి చూడండి. పాత ఇంటిని హోటల్ చేస్తే గదికో బాత్రూమ్ కావాలి, అంటే గోడలన్నీ తొలిచి పైపులు, నీళ్ళు ఎప్పుడూ తగలని నేల మీద ఇప్పుడు రోజంతా నీళ్ళు. రెస్టారెంట్ చేస్తే పొగ, జిడ్డు, ఎగ్జాస్ట్ కోసం గోడకి పెద్ద కంత. ఆఫీస్ చేస్తే పార్టిషన్లు, కేబుల్స్, కాన్ఫరెన్స్ రూమ్ కోసం రెండు గదుల మధ్య గోడ తీసేయడం. షోరూమ్‌కి ఇవేవీ అక్కర్లేదు. మంచం పడగ్గదిలోనే బాగుంటుంది, డైనింగ్ టేబుల్ భోజనాల గదిలోనే బాగుంటుంది, గది గదిగా ఉంటేనే ఈ వ్యాపారానికి లాభం. పైగా తలుపులు రోజూ తీస్తారు, గాలి ఆడుతుంది, పైకప్పు కారితే ఆ వారమే తెలుస్తుంది ఎందుకంటే కింద ఖరీదైన కార్పెట్ ఉంటుంది కాబట్టి. మూసిపెట్టిన ఇంట్లో ఒక తూము పూడుకుపోతే ఎవరూ చూడరు, నీళ్ళు గోడలోకి దిగుతాయి, దూలం చివర నానుతుంది, చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే ఉండిపోతే ఇంక పుచ్చు మొదలైనట్టే. 1964 నాటి వెనిస్ చార్టర్, అంటే పాత కట్టడాల పని చేసేవాళ్ళు ఇప్పటికీ ముందు పెట్టుకునే పత్రం, అందులో కూడా కట్టడాన్ని సమాజానికి పనికొచ్చేలా వాడుకుంటే దాన్ని కాపాడ్డం సులువవుతుందని రాసుంది, ఆ వెంటనే ఆ వాడకం కోసం ఇంటి అమరికనీ అలంకరణనీ మార్చకూడదని కూడా రాసుంది. చాలామంది మొదటి సగం మాత్రం చదివి పని మొదలుపెట్టేస్తారు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదండి. లండన్‌లో బ్రూక్ స్ట్రీట్ 39వ నంబర్ ఇల్లు ఆర్కిటెక్ట్ జెఫ్రీ వయట్‌విల్ ఉన్న ఇల్లు, అందులో 1944 నుంచి దాదాపు 70 ఏళ్ళ పాటు కోల్‌ఫాక్స్ అండ్ ఫౌలర్ అనే డెకరేటింగ్ సంస్థ నడిచింది. ఆ సంస్థ యజమాని నాన్సీ లాంకాస్టర్, ఆవిడతో పనిచేసిన జాన్ ఫౌలర్ కలిసి 1950ల చివర్లో అక్కడి పెద్ద గదికి మెరిసే పసుపు రంగు వేసి ఆవిడ ఉండే గదిగా చేసుకున్నారు, మా వృత్తిలో ఇప్పటికీ దాన్ని ఎల్లో రూమ్ అనే చెప్పుకుంటాం. వచ్చినవాళ్ళు గదిని చూసి డిజైనర్ని నమ్మారు, సరుకుల పట్టిక చూసి కాదు. ఈ మధ్య 2023లో ఆర్‌హెచ్ అనే అమెరికన్ ఫర్నిచర్ కంపెనీ ఇంగ్లాండ్‌లో ఏన్హో పార్క్ అనే 17వ శతాబ్దపు భవనంలో షోరూమ్ తెరిచింది, అది ఆర్కిటెక్ట్ జాన్ సోన్ చేతి పని కూడా ఉన్న ఇల్లు, ఇంగ్లాండ్‌లో రక్షిత కట్టడాల్లో అన్నిటికన్నా పై గ్రేడ్ ఉన్నది. నాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ వెనిస్‌లో ఉంది, అది ఇల్లు కాదు గానీ ఇక్కడ చెప్పక తప్పదు. సెయింట్ మార్క్స్ స్క్వేర్ పక్కన 16వ శతాబ్దపు వరండాల కింద ఇరుకైన చోటులో ఆర్కిటెక్ట్ కార్లో స్కార్పా 1958లో ఒలివెట్టి టైప్‌రైటర్ల షోరూమ్ పూర్తి చేశాడు. ఆ చోటుని, ఆ వెలుతుర్ని పట్టి మెట్లు కట్టాడు, రాళ్ళు పరిచాడు, టైప్‌రైటర్లు వాటి మధ్యలో పెట్టాడు. ఇప్పుడు టైప్‌రైటర్లు కొనేవాళ్ళు లేరు, కానీ ఆ షోరూమ్‌ని 2011 నుంచి ఇటలీ వారసత్వ ట్రస్ట్ వాళ్ళు జనానికి చూపిస్తున్నారు. సరుకు వెళ్ళిపోయినా చోటు నిలబడింది.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయానికి వస్తాను. షోరూమ్ పెట్టేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది, మాల్‌లో షాప్ వేసి వేసి వచ్చిన అలవాటు. ఖాళీ పెట్టె ఇస్తారు, దాన్ని నాలుగు వారాల్లో తయారు చేసి ఓపెనింగ్ పెట్టాలి. గోడ వంకరగా ఉంటే ప్లైవుడ్ కొట్టి పైన లామినేట్, కప్పు ఎత్తుగా ఉంటే ఫాల్స్ సీలింగ్ దించి లైట్లు, నేల ఎగుడుదిగుడుగా ఉంటే పైన టైల్స్, ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే సిమెంట్ కొట్టి వాటర్‌ప్రూఫ్ పెయింట్. ఇదే చేత్తో నూట యాభై ఏళ్ళ ఇంట్లోకి వెళ్తే ఏమవుతుందో నేను చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను, విసుగనుకోకండి.

సిమెంట్ సంగతి ముందు. పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంట్ తీసుకున్నది 1824లో, అది అన్ని చోట్లకీ మామూలు సరుకుగా వెళ్ళడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అంతకు ముందు కట్టిన గోడలు సున్నంతో కట్టినవి, లేదా మట్టితో కట్టి సున్నం పూసినవి. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది, నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి మెత్తటి సున్నం అవుతుంది, గోడకి పూశాక అది గాల్లోంచి మళ్ళీ అదే కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మెల్లగా రాయిగా మారుతుంది. మెల్లగా అన్నది గుర్తుపెట్టుకోండి, ఓపెనింగ్ తేదీల గొడవంతా అక్కడే వస్తుంది. ఈ సున్నం గోడలో సన్నటి రంధ్రాలుంటాయి, నేలలోంచి ఎక్కిన తడి, వానకి తగిలిన తడి వాటిలోంచి బయటికొచ్చి ఆరిపోతుంది. గోడ తడవడం, ఆరడం దాని రోజువారీ పని. దానిమీద సిమెంట్ ప్లాస్టర్ వేయడం అంటే చెమట పట్టిన ఒంటికి ప్లాస్టిక్ కవర్ చుట్టడమే. తడి ఆగదు, దారి వెతుక్కుంటూ పైకి పోతుంది.

ఒక ఇంట్లో నేను దగ్గరగా చూసింది చెప్తాను. కింద నడుం ఎత్తు వరకు సిమెంట్ ప్లాస్టర్ చేసి, దానిమీద నిగనిగలాడే పెయింట్ వేసి, ఆ పైన ఖరీదైన వాల్‌పేపర్ అంటించారు. చూడ్డానికి పొడిగా, శుభ్రంగా ఉంది. వాల్‌పేపర్ అంచు కొద్దిగా లేచిన చోట గోరుతో ఎత్తి చూస్తే వెనకాల సిమెంట్ ఆగిన గీత వెంబడే తెల్లటి ఉప్పు, బూజులాగా మెత్తగా, ముట్టుకుంటే రాలిపోతోంది, దాని కింద ఇటుక వేలితో గీకితే పొడి అవుతోంది. సిమెంట్ మాత్రం గట్టిగా ఉంది, ఇటుక మెత్తబడిపోయింది. తడిలో కరిగిన ఉప్పు ఆరే చోట గడ్డకట్టి ఇటుక రంధ్రాల్ని లోపల్నుంచి పగలగొడుతుంది, ఇన్నాళ్ళూ సున్నం పూత ఆ దెబ్బ తను తిని పెచ్చులుగా రాలిపోయేది, మళ్ళీ పూసుకునేవాళ్ళు, ఇటుక బతికేది. పూత రాలిపోవడం దాని పనే అని ఆ ఇంటివాళ్ళకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు వాల్‌పేపర్ నాసిరకం అని అమ్మినవాళ్ళ మీద గొడవ పెట్టుకున్నారు, అసలు తప్పు వాల్‌పేపర్ది కానే కాదు, ఆ సిమెంట్ తీయించడానికి పోతే దాంతో పాటు ఇటుక ముఖం కూడా ఊడొచ్చింది.

అందుకే ఏ షోరూమ్ వాళ్ళైనా నన్ను అడిగితే నేను చెప్పే మొదటి మాట, గోడ లోపల డబ్బు పెట్టకముందు గోడ బయట పెట్టండి అని. తూములు, పైకప్పు పెంకులు, గోడ పక్కన పేరుకుపోయి లోపలి నేలకన్నా ఎత్తైపోయిన మట్టి, అవి సరి చేసి ఒక వానాకాలం ఆగి చూస్తే సగం చెమ్మ దానంతటదే పోతుంది. ఒక సీజన్ ఆగడం అంటే వ్యాపారస్తులకి అద్దె, వడ్డీ, అన్నీ గుర్తొస్తాయి, నాకూ తెలుసు. కానీ తడి గోడకి అందం చేసి మళ్ళీ రెండేళ్ళకి ఊడదీసి చేయడం కన్నా అది చవక.

రెండోది బరువు, ఇది ఇంటీరియర్ వాళ్ళు అసలు పట్టించుకోని విషయం. ఇల్లు ఇల్లుగా కట్టారు. ఇప్పటి కోడ్స్‌లో, అంటే భవనాలు కట్టే నియమాల్లో, ఇంటి నేలకి చదరపు మీటరుకి దాదాపు 200 కిలోల బరువు లెక్క వేస్తారు, షాపు నేలకి దానికి రెట్టింపు, దాదాపు 400 కిలోలు. పాత మేడ మీది చెక్క నేల ఏ కోడూ చూసి వేసింది కాదు, వడ్రంగి అనుభవంతో వేసింది. ఫర్నిచర్ వరకు పర్వాలేదు, మంచం, బీరువా ఎప్పుడూ ఉన్నవే. కానీ ఇంటీరియర్ షోరూమ్ అంటే టైల్స్, గ్రానైట్, మార్బుల్ శాంపిల్స్ కూడా ఉంటాయి కదా. చదరపు మీటరు సైజు, రెండు సెంటీమీటర్ల మందం ఉన్న ఒక్క మార్బుల్ పలక 54 కిలోలు తూగుతుంది. అలాంటివి పది ఒక స్టాండ్‌లో నిలబెడితే అర టన్ను దాటిపోతుంది, అదంతా నాలుగు చిన్న కాళ్ళ మీద నిలబడుతుంది, ఆ కాళ్ళు రెండు వాసాల మధ్య పలక మీద పడితే ఇంక చెప్పక్కర్లేదు. ఓపెనింగ్ రోజు ఒకే గదిలో జనం కిక్కిరిసి నిలబడతారు, అదింకో బరువు. రాళ్ళ శాంపిల్స్ అన్నీ కింది అంతస్తులో పెట్టండి, మేడ మీద బట్టలు, కుర్చీలు, దీపాలు పెట్టండి, దూలాలు గోడలోకి దిగే చివర్లని తెరిచి చూసే స్ట్రక్చరల్ ఇంజినీర్ని పిలవండి. దూలం మధ్యలో బాగానే ఉంటుంది, పుచ్చేది ఎప్పుడూ గోడలో దాగున్న చివరే.

లైట్ల గురించి కూడా రాయాలి. షోరూమ్ వాళ్ళకి వెలుగు అంటే ప్రాణం, ఒక స్పాట్‌లైట్ కింద వెయ్యి లక్స్ (ఒక చోట పడే వెలుతురుకి కొలత) దాటడం మామూలు. మ్యూజియంల్లో పాత బట్టలు, వాటర్‌కలర్ బొమ్మల మీద 50 లక్స్ దాటనివ్వరు, ఆయిల్ పెయింటింగులకి 200 లోపే. ఎందుకంటే వెలుతురు చేసే నష్టం పోగవుతూనే ఉంటుంది, లైట్ ఆపినంత మాత్రాన వెలిసిన రంగు వెనక్కి రాదు. పాత ఇంట్లో గోడ మీద రంగు బొమ్మలో, పాత కాగితమో, సిల్కు పరదానో మిగిలి ఉంటే షోరూమ్ లైట్లు వాటి మీద పడకూడదు, అంతే. ఇంకో భయం కూడా ఉంది. 1992 నవంబర్ 20న ఇంగ్లాండ్‌లో రాజకుటుంబానికి చెందిన విండ్సర్ కోటలో మంటలు మొదలైంది ఒక స్పాట్‌లైట్ వేడికి పరదా అంటుకునే, 115 గదులు దెబ్బతిన్నాయి, బాగు చేయడానికి అయిదేళ్ళు పట్టింది. పరదాలూ స్పాట్‌లైట్లూ పక్కపక్కనే పెట్టడమే మా షోరూమ్‌ల పని కదా, ఆ సంగతి తల్చుకుంటే నాకు ఇప్పటికీ గుబులుగా ఉంటుంది. దానికి మూడేళ్ళ ముందు 1989 ఆగస్టులో ఇంగ్లాండ్‌లోనే అప్పార్క్ అనే పెద్ద ఇల్లు కాలిపోయింది, అది ఇంకా బాధ, రిపేర్ పని దాదాపు ముగింపుకొచ్చాక పైకప్పు మీద సీసం రేకు అతికించే మంట వల్ల అంటుకుంది. కాబట్టి పాత ఇంట్లో మంట పెట్టి చేసే పనులు వద్దు, తప్పదంటే సాయంత్రం పని ఆపి వెంటనే ఇంటికెళ్ళిపోకుండా ఒక మనిషి అక్కడే ఉండి చూడాలి. ఎల్ఈడీలు వచ్చాక వేడి తగ్గింది నిజమే, వైరింగ్ మాత్రం చాలా చోట్ల పాతదే, దానికే కొత్త లోడ్ అంతా తగిలిస్తారు.

రంగుల దగ్గర నాకు ఇష్టమైన పని ఒకటి ఉంది, అది మీ పాఠకులకి చెప్పాలని ఉంది. పాత తలుపు చట్రం తీసుకోండి, కీలు వెనకాలో, గడియ బిళ్ళ కిందో, ఎవరూ గీకని ఒక మూల ఉంటుంది. అక్కడ బొటనవేలి గోరంత చోటు చూసుకుని చిన్న సర్జికల్ బ్లేడుతో ఒక్కో పొరనీ కొద్దికొద్దిగా, మెట్లు మెట్లుగా తీసుకుంటూ వెళ్ళాలి, భూతద్దం పెట్టి చూడాలి. పైన తెల్లటి ఎమల్షన్, దాని కింద లేత ఆకుపచ్చ ఆయిల్ పెయింట్, ఆ కింద నల్లటి సన్నగీత, అది రంగు కాదు, దుమ్ము, మసి. ఆ గీత మందంగా ఉందంటే ఆ కింది రంగుతో ఇల్లు చాలా ఏళ్ళు ఉందన్నమాట. దాని కింద టేకు నారలా కనపడేట్టు బ్రష్‌తో గీసిన గోధుమ రంగు, అన్నిటికన్నా అడుగున చెక్కకి పట్టిన మొదటి పూత. అంత చిన్న చోటులో ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ ఇష్టాలన్నీ వరసగా ఉంటాయి. ఆ మెట్ల గుర్తుని అలాగే వదిలేసి పక్కన చిన్న చీటీ పెట్టండి, షోరూమ్‌కి వచ్చినవాళ్ళు కలర్ కార్డ్ చూసేముందు దాన్ని చూస్తారు, ఏ రంగు ఎంచుకోవాలో సగం సందేహాలు అక్కడే తీరతాయి. ఇది చేయకుండా ఇల్లంతా గ్రైండర్ పెట్టి చెక్క కనపడేదాకా గీకేస్తున్నారు, ఒరిజినల్ లుక్ అంటూ. ఒరిజినల్‌గా ఆ చెక్క చాలా ఇళ్ళల్లో ఎప్పుడూ బయటికి కనపడనే లేదు, రంగు కిందే ఉంది.

గీకడంలో ప్రమాదం కూడా ఉంది. పాత ఆయిల్ పెయింట్లలో సీసం ఉంటుంది, అమెరికాలో ఇళ్ళకి వేసే పెయింట్‌లో సీసాన్ని నిషేధించింది 1978లో, అంటే అంతకు ముందు పెయింట్లన్నీ అనుమానించాల్సినవే. పొడిగా సాండింగ్ చేస్తే ఆ దుమ్ము పనివాళ్ళ ఊపిరితిత్తుల్లోకి, వాళ్ళ బట్టల మీద వాళ్ళ పిల్లల దగ్గరికి వెళ్తుంది. 1775లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన ఆకుపచ్చ రంగులో ఆర్సెనిక్ అనే విషం ఉంది, 19వ శతాబ్దపు వాల్‌పేపర్లలో దాన్నీ, దానిలాంటి రంగుల్నీ తెగ వాడారు. అందుకని ముందు టెస్ట్ చేయించండి, తడి చేసి మాత్రమే తీయండి, గట్టిగా అంటుకుని ఉన్న రంగుని అసలు తీయకండి, దానిమీదే కొత్తది వేయొచ్చు. పనివాళ్ళకి మంచి మాస్కులు ఇవ్వడానికి వెనకాడే యజమాని ఒక్క దీపం తక్కువ కొనుక్కుంటే సరిపోతుంది.

ఇంక ఎంతవరకు బాగు చేయాలి, ఎక్కడ ఆగాలి అన్నది. విలియం మోరిస్ స్వయంగా వాల్‌పేపర్లు, బట్టలు డిజైన్ చేసి అమ్మినవాడు, లండన్‌లో షోరూమ్ కూడా నడిపాడు, ఆ మనిషే 1877లో పాత కట్టడాల్ని బాగుచేత పేరుతో పాడు చేయొద్దని ఒక సంఘం పెట్టాడు, అది ఇప్పటికీ ఉంది. మా వృత్తిలో ఉంటూ ఇంటి వైపు నిలబడ్డం సాధ్యమే అనడానికి నాకు ఆయనే ధైర్యం. వెనిస్ చార్టర్ అయితే ఊహ మొదలయ్యే చోట బాగుచేత ఆగాలి అంటుంది. మెట్ల కటకటాల్లో మూడు కమ్మీలు పోతే మిగిలినవాటిని చూసి మూడు చేయించండి, అది ఊహ కాదు. కానీ అసలు ఏముందో తెలియని చోట పక్క భవనం చూసి, ఫొటో చూసి చెక్కడాలు పెట్టేయడం, కొత్త చెక్కకి టీ నీళ్ళు, నల్ల పాలిష్ పూసి పాతదిగా చూపించడం, ఇవి వచ్చినవాళ్ళని మోసం చేయడమే. కొత్తది కొత్తగానే ఉండనివ్వండి, పాతదానితో గొడవ పడకుండా ఉంటే చాలు. మేలు అనుకుని చేసిన పని కూడా ఇంటిని దెబ్బ తీయగలదు, ఏథెన్స్‌లో పాత గ్రీకు గుళ్ళున్న అక్రోపోలిస్ కొండ మీద బాలనోస్ అనే ఇంజినీర్ రాళ్ళని కలపడానికి ఇనప పట్టీలు వాడాడు, పూర్వం గ్రీకులు ఇనుముకి సీసం పోసి కప్పారు, ఈయన అది చేయలేదు, తుప్పు పట్టి ఉబ్బిన ఇనుము చలువరాయినే పగలగొట్టింది, తర్వాత అవన్నీ తీసి టైటానియం పెట్టాల్సొచ్చింది. మనం గోడకి దిగ్గొట్టే ప్రతి మేకూ, ప్రతి బ్రాకెట్టూ అలాంటిదే, కనీసం స్టెయిన్‌లెస్ స్టీల్ వాడండి, రాయిలోకి కాకుండా ఇటుకల మధ్య సున్నం గీతలోకి దించండి, రేపు తీసేస్తే కన్నం పూడ్చుకోవచ్చు.

తీసేయగలగడం అన్నది నాకు చాలా ముఖ్యం. షోరూమ్ అయిదేళ్ళు ఉంటుందో పదిహేనేళ్ళు ఉంటుందో ఎవరికీ తెలీదు, ఇల్లు అంతకన్నా ఎక్కువ కాలం ఉండాలి. డిస్‌ప్లే గోడలు పాత గోడకి కొట్టకుండా వాటంతటవే నిలబడేట్టు, నేల మీద పరిచేవి అతికించకుండా, వైర్లు గోడ చీల్చకుండా పైన పైపుల్లో, ఏసీ డక్టులు పాత కప్పు కనపడేట్టు. వెనిస్‌లోనే క్వెరిని స్టాంపాలియా భవనంలో 1963లో ఇదే స్కార్పా, సముద్రం పొంగినప్పుడు లోపలికొచ్చే నీళ్ళని ఆపడానికి పోరాడకుండా, రానిచ్చి రాతి కాలవల్లోంచి పోనిచ్చాడు. ఇంటి అలవాటు ఏంటో తెలుసుకుని దానికి తగ్గట్టు పని చేయడం అంటే అదీ. ఏసీ విషయంలో కూడా అంతే, రాత్రి ఆపి పగలు గట్టిగా పెడితే చెక్క రోజూ ఉబ్బి కుంగి తలుపు పలకలు చీలిపోతాయి, తక్కువగా నిలకడగా పెట్టాలి.

ఇప్పుడు రాసేది నా తోటి వృత్తివాళ్ళకి కష్టంగా ఉండొచ్చు. పాత ఇంటి షోరూమ్‌లకి కావాల్సిన పాత తలుపులు, స్తంభాలు, రంగు అద్దాల కిటికీలు, డిజైన్ టైల్స్, ఇవన్నీ ఎక్కడినుంచి వస్తున్నాయి? ఇంకో పాత ఇంట్లోంచి. గిరాకీ పెరిగిన కొద్దీ, నిలబడగలిగిన ఇంటిని కూడా తలుపుల కోసం విడగొట్టేస్తున్నారు, ఎందుకంటే ఇల్లుగా దానికి వచ్చే ధరకన్నా ముక్కలుగా ఎక్కువ వస్తోంది. ఒక ఇంటిని బాగు చేశామని రిబ్బన్ కట్ చేసే రోజు దాని వెనక ఎన్ని ఇళ్ళు ద్వారబంధాలు కూడా లేకుండా నిలబడ్డాయో ఎవరూ అడగరు. నేను ఒప్పుకునేది ఒక్కటే, ఆ ఇల్లు ఎలాగూ కూలిపోతోందని రుజువున్నప్పుడు, ఎక్కడిదో రాసిపెట్టి తెచ్చుకోవడం. లేదంటే కొత్త తలుపు కొత్త వడ్రంగి చేత చేయించండి, ఆ డబ్బు ఒక బతికున్న చేతికి వెళ్తుంది.

ఎందుకంటే చేతులే తగ్గిపోతున్నాయి. సున్నం నానబెట్టి, పొరపొరకీ తడుపుతూ, ఆరనిస్తూ, నునుపు తేల్చే తాపీ మేస్త్రీలకి సిమెంట్ పనే కూలి పెడుతోంది, వాళ్ళ పిల్లలకి ఈ పని నేర్పడానికి కారణం కనపడట్లేదు. అప్పార్క్ కాలిపోయినప్పుడు దాన్ని తిరిగి కట్టాలని నిర్ణయించారు, అచ్చు పోయకుండా చేత్తోనే కప్పు మీద సున్నపు పూలు తీర్చే పనిని మేస్త్రీలు మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది, 1995లో ఆ ఇల్లు తిరిగి తెరిచేనాటికి కొత్త తరం పనివాళ్ళు తయారయ్యారు. షోరూమ్ వాళ్ళు ఇక్కడ చాలా చేయగలరు, వాళ్ళ దగ్గరికి వచ్చేవాళ్ళందరూ ఇల్లు కట్టుకునేవాళ్ళో బాగు చేసుకునేవాళ్ళో కదా. ఒక గది గోడ సగం పూసి ఆపేసి మొదటి పొర, రెండో పొర, చివరి పొర కనపడేట్టు ఉంచండి, పక్కన మేస్త్రి పేరు పెట్టండి, ఆయన్ని ఎలా పిలవాలో రిసెప్షన్‌లో చెప్పండి. సోఫా డిజైనర్ పేరు ఇత్తడి బిళ్ళ మీద చెక్కిస్తాం, గోడ పూసినాయన పేరు ఎక్కడా ఉండదు, అది నాకు చాలా ఏళ్ళుగా నచ్చని సంగతి.

మీ పేపర్‌ని కూడా ఒకటి అడగాలనుంది ఎడిటర్ గారూ. ఇలాంటి షోరూమ్ తెరిచినప్పుడు మీరు రంగుల ఫొటోలతో సగం పేజీ వేస్తారు, రిబ్బన్ పట్టుకున్నవాళ్ళ పేర్లన్నీ వేస్తారు. ఈసారి మీ రిపోర్టర్‌ని పంపినప్పుడు గోడకి సున్నం పూశారా సిమెంటా అని, ఆ పాత తలుపులు ఆ ఇంటివేనా ఇంకెక్కడినుంచైనా తెచ్చారా అని, పని మొదలుపెట్టకముందు తీసిన ఫొటోలు, కొలతలు ఎక్కడ భద్రపరిచారని అడగమనండి. జవాబులు వచ్చినవి వచ్చినట్టు వేయండి, రాకపోతే రాలేదని వేయండి, మేస్త్రి, వడ్రంగి పేర్లు తప్పకుండా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు